కోలుకోవడంలో ‘మళ్లీ’ లేదు

మా నాన్నకు పక్షవాతం వచ్చి, ఆస్పత్రిలో కొన్నాళ్లుండి ఇంటికి వచ్చాక, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఒకటే అడిగేవారు. “రికవర్ అయ్యారా?” కొంచెం దగ్గరివాళ్లయితే ఇంకో ప్రశ్న కలిపేవారు. “మునుపటిలా అయ్యారా?” వాళ్లది ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఫోన్ స్పీకర్‌లో ఆ ప్రశ్న వినపడిన ప్రతిసారీ నాన్న తన కుడిచేతి వంక చూసుకునేవారు. ఒళ్లో పెట్టుకున్న ఆ చేతిని ఎడంచేత్తో కాస్త సర్దుకుని, “ఇంకా కాలేదని చెప్పు” అనేవారు, పరీక్ష తప్పిన పిల్లాడి గొంతుతో.

మా పెద్దత్తయ్య ఫోన్ చేసి “ఎట్లా ఉందిరా ఒంట్లో?” అని అడిగితే మాత్రం జవాబు వేరేగా ఉండేది. “నిన్నటి మీద ఇవాళ నయమే అక్కా” అనేవారు. అదే చెయ్యి, అదే రోజు, అదే మనిషి. అడిగే మాట మారేసరికి చెప్పే గొంతు మారిపోయింది.

అప్పటి నుంచి ఈ మాటల మీద నాకు ధ్యాస పడింది. పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఇంకొకటి వాడుకోవచ్చని బళ్లో బట్టీ పట్టాం. ఆ అలవాటుతోనే కోలుకోవడం, తేరుకోవడం, కుదుటపడటం, పునరుద్ధరణ, రికవరీ అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తున్నాం. నేనది ఒప్పుకోను. వీటిలో ఒక మాటకు బదులు ఇంకోటి వాడినందువల్ల మంచం మీద ఉన్న మనిషి మనసు ఎంత నలుగుతుందో కళ్లారా చూశాను.

ముందు ఆ మాటలనే కాస్త విప్పి చూద్దాం. రికవరీ అన్న మాటకు మూలం లాటిన్‌లో ఉంది, తిరిగి పొందడం అని అర్థం. పోయిన సొత్తు రికవరీ, బాకీ రికవరీ, డిలీట్ అయిన ఫొటోల రికవరీ, అన్నిట్లోనూ అదే లెక్క: చేతిలో ఉన్నది పోయింది, అదే చేతికి రావాలి. పునరుద్ధరణలో ‘పునః’ ఉంది. మళ్లీ పైకెత్తడం. పునర్నిర్మాణం, పునరావాసం, పునరుజ్జీవనం, అన్నీ ఆ కుటుంబమే. ఇవన్నీ వెనక్కి తిరిగి చూసే మాటలు. పాత స్థితి ఒకటి ఉంది, దాని దగ్గరికి చేరాలి, చేరకపోతే పని పూర్తి కానట్టు.

ఇప్పుడు ఇళ్లలో మంచం పక్కన కూర్చుని మనం వాడే మాటలు చూడండి. తేరుకున్నాడు. కుదుటపడ్డాడు. నయమైంది. గాయం మానింది. పుంజుకున్నాడు. నిలదొక్కుకున్నాడు. కోలుకున్నాడు. ఒక్కదానిలోనూ ‘మళ్లీ’ లేదు. ‘తిరిగి’ లేదు. ‘వెనక్కి’ లేదు. కావాలంటే “మళ్లీ కోలుకున్నాడు” అని బయటి నుంచి తగిలించుకోవచ్చు గానీ, మాట లోపల మాత్రం అది లేదు. నాకిది కాకతాళీయం అనిపించదు. జబ్బుపడ్డ మనిషి పక్కన తరతరాలుగా కూర్చున్నవాళ్లు చేసిన మాటలివి. పాత మనిషి అచ్చంగా అలాగే తిరిగి రాడని వాళ్లకు తెలుసు.

తేరుకోవడం తీసుకోండి. తేరడం అంటే నీళ్లు తేటపడటం. బిందెలో బురద నీళ్లు తెచ్చి పెడితే అప్పుడే అందులో ఏమీ కనపడదు. కదపకుండా వదిలేస్తే మట్టి మెల్లగా అడుగుకు దిగుతుంది, పైన నీళ్లు తేరుకుంటాయి. మట్టి ఎక్కడికీ పోలేదు, అడుగునే ఉంది. బిందె కదిపితే మళ్లీ లేస్తుంది కూడా. హఠాత్తుగా వచ్చిన దుఃఖానికి, షాక్‌కి మనం ఈ మాటే వాడతాం. “ఇంకా ఆ షాక్ నుంచి తేరుకోలేదు” అంటాం. చావు జరిగిన ఇంట్లో మూడో రోజే “ధైర్యం తెచ్చుకో, అన్నీ మర్చిపో” అని భుజం పట్టి ఊపేవాళ్లను చూస్తే నాకు ఆ బిందే గుర్తొస్తుంది. దాన్ని కాసేపు కదపకుండా ఉంచాలి.

కుదుటపడటం ఇంకా అందమైన మాట. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద నిలవదు, దొర్లిపోతుంది. దాని కింద గడ్డితోనో గుడ్డతోనో చుట్టిన చుట్ట పెడతారు. అదే కుదురు. ఏరు ‘ఏట’ అయినట్టు, నోరు ‘నోట’ అయినట్టు, కుదురు ‘కుదుట’ అయింది. అంటే కుదుటపడటమంటే కుదురు మీద పడటం. కుండ అడుగు చదును కాలేదు, కింద ఆసరా దొరికింది, అంతే. నాన్న విషయంలో ఆ ఆసరా బాత్రూమ్ గోడకు బిగించిన ఇనుప కడ్డీ, మూడు కాళ్ల ఊతకర్ర, పొద్దున్నే వచ్చే ఫిజియోథెరపిస్టు. నడక పాత నడక కాదు. కానీ దొర్లిపోవడం ఆగింది. డాక్టరు “పరిస్థితి కుదుటపడింది” అన్నప్పుడు ఆయన అన్నది అక్షరాలా నిజం.

ఇక నయం. “ఆయన కన్నా ఈయన నయం”, “ఊరికే కూర్చోవడం కంటే ఇదే నయం” అంటాం. అది పోల్చి చెప్పే మాట. మా నాన్న నోట తేలిగ్గా వచ్చిందీ అందుకే. నయం అన్నప్పుడు మనిషి తనను నిన్నటితో పోల్చుకుంటాడు. రికవరీ అన్నప్పుడు జబ్బుకు ముందు రోజుతో పోల్చుకుంటాడు. నిన్నటితో పోల్చుకుంటే దాదాపు రోజూ ఎంతో కొంత గెలుపు ఉంటుంది. జబ్బుకు ముందు రోజుతో పోల్చుకుంటే ప్రతిరోజూ ఓటమే.

గాయం మానింది అంటాం, సిగరెట్ మానాడు అనీ అంటాం. క్రియ ఒకటే. గాయం గాయంగా ఉండటం మానుకుంది. చర్మం పాత చర్మం అయిందని ఆ మాట చెప్పదు. వైద్యం చెప్పేదీ అదే. లోతుగా తెగినచోట ఏర్పడే మచ్చలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు మామూలు చర్మంలో లాగా అల్లుకుని ఉండవు, ఎక్కువగా ఒకే దిశలో వరసగా పడి ఉంటాయి. అక్కడ వెంట్రుక మొలవదు, చెమట పట్టదు. లోపల సర్దుబాటు ఏడాదికి పైగా నడిచినా, మచ్చ బలం మామూలు చర్మం బలంలో సుమారు 80 శాతం దగ్గరే ఆగిపోతుంది. అయినా గాయం మానినట్టే. ఆ 20 శాతం చూపించి “ఇంకా మానలేదు” అని ఎవరూ అనరు.

శరీరంలో తిరిగి పెరిగే అవయవం అనగానే అందరూ కాలేయం పేరు చెబుతారు. నిజమే, సగానికి పైగా దానం చేసినవాళ్లలో కూడా మిగిలిన ముక్క కొన్ని వారాల్లో, నెలల్లో పెరిగి దాదాపు పాత పరిమాణానికి వస్తుంది. కానీ కోసి తీసిన భాగం మొలవదు. ఉన్న భాగమే పెద్దదై మొత్తం పని భుజాన వేసుకుంటుంది. ఆకారం వేరు, పని అదే. నాన్న తలలో జరిగిందీ ఇలాంటిదే. రక్తం అందక చనిపోయిన మెదడు కణాలు బతికి రావు. చుట్టుపక్కల భాగాలు, కొంతవరకు అవతలి వైపు భాగాలు కూడా, ఆ పని నేర్చుకుంటాయి. మొదటి మూడు నెలల్లో ఈ నేర్చుకోవడం వేగంగా సాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడాన్ని చాలామంది ఆగిపోవడం అనుకుంటారు. మేమూ అనుకున్నాం. నాలుగో నెలలో నాన్న ఒకరోజు ఎక్సర్‌సైజ్ మానేసి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ వారంలోనే ఎవరో “రికవరీ ఎంత పర్సంట్ వచ్చింది?” అని అడిగి ఉన్నారు.

ఇక కోలుకోవడం అన్న మాట దగ్గరికే వస్తాను. వీడుకోలు, మేలుకోలు, వేడుకోలు, కొనుగోలు, వీటిలోని ‘కోలు’ కొను అన్న క్రియ నుంచి వచ్చినదే. కొనడమంటే మొదట తీసుకోవడం, గ్రహించడం. కోలుకొనడంలో నా చెవికి ఆ ‘కొను’ రెండుసార్లు వినిపిస్తుంది: తన కోసం తాను తీసుకోవడం.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష. డాక్టరు జబ్బు నయం చేస్తాడు, కుదురుస్తాడు. మందు గాయాన్ని మాన్పుతుంది. లైన్‌మెన్ కరెంటు సరఫరా పునరుద్ధరిస్తారు. మరి “డాక్టరు నాన్నను కోలుకోబెట్టాడు” అని ఎవరైనా అంటారా? “తేరుకోబెట్టాడు” అని? నోరు తిరగదు. “కోలుకునేలా చేశాడు” అంటాం. అంటే వీలు కల్పించాడు, దగ్గరుండి చూశాడు, కోలుకున్నది మాత్రం ఆ మనిషే. జబ్బును ఇంకొకరు తీసేయగలరు, కోలుకోవడం ఇంకొకరు చేసి పెట్టలేరు. పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో ఆపరేషన్ సక్సెస్ అయ్యాక కూడా ఇంట్లో నెలల తరబడి ఒక మనిషి చొక్కా గుండీతో కుస్తీ పడుతూ కూర్చోవడం దేనికో ఈ వ్యాకరణం చెబుతోంది.

ఆ గుండీ సంగతి నేను దగ్గర నుంచి చూశాను. ఎడంచేతి బొటనవేలితో గుండీని కాజా అంచు దాకా నెట్టేవారు. అవతలి వైపు లాగడానికి ఇంకో చెయ్యి లేదు. గడ్డంతో చొక్కా అంచును ఛాతీకి నొక్కిపట్టి, చూపుడువేలి గోరుతో గుండీ అంచును పైకి లేపి, బొటనవేలు జారకుండా తోసేవారు. మొదట్లో ఒక్క గుండీకి ఐదారు నిమిషాలు పట్టేది. అమ్మ చూడలేక చెయ్యి చాచేది. నాన్న తల అడ్డంగా ఊపేవారు. ఆరు నెలలకు కింద నాలుగు గుండీలు ఆయనే పెట్టుకునేవారు, మెడ దగ్గరది వదిలేసేవారు. ఇంతకుముందు మెడ దాకా బిగించి తప్ప బయటికి వెళ్లని మనిషి. ఇది పునరుద్ధరణ కాదు. ఇదొక కొత్త విద్య, అరవై దాటాక నేర్చుకున్నది. దీన్ని పాతదానితో పోల్చి మార్కులు వేయడం అన్యాయం.

అయితే పునరుద్ధరణ అన్న మాటకు దాని గౌరవం దానికుంది, దాన్ని తక్కువ చేయను. రాయికి, చెక్కకు, బొమ్మకు, కట్టడానికి అది సరైన మాట. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి పైకప్పు 2019 ఏప్రిల్ 15న కాలిపోయింది. ఓక్ దూలాలతో పాత పద్ధతిలోనే ఆ చట్రాన్ని తిరిగి కట్టి 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు. అది సాధ్యమైంది కొలతలు ఉన్నందువల్ల. మంటలు రావడానికి ఏళ్ల ముందే ఆ కట్టడాన్ని లేజర్‌తో స్కాన్ చేసి ఉంచారు. కట్టడాల సంరక్షణ కోసం 1964లో వెనిస్‌లో నిపుణులు రాసుకున్న నియమావళిలో ఒక నియమం ఉంది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. ఆధారం లేకుండా “ఇలా ఉండేదేమో” అనుకుని పూర్తి చేయకూడదు. కొత్తగా చేర్చిన భాగం పాతదని భ్రమ కలిగించకూడదని కూడా అందులోనే ఉంది. రాళ్ల విషయంలో ఇంత జాగ్రత్త తీసుకున్నాం. మనిషికి నక్షా లేదు, లేజర్ కొలతలు లేవు. “మునుపటిలా” అన్నప్పుడు మన మనసులో ఉన్న ఆ మునుపటి మనిషి సగం మన ఊహే.

కంప్యూటర్లతో పనిచేసేవాళ్లు కూడా ఈ తేడా పాటిస్తారు. డేటాబేస్ పాడైతే రీస్టోర్ ఒక మెట్టు, రికవరీ ఇంకో మెట్టు. బ్యాకప్ కాపీ తెచ్చి పెట్టడం రీస్టోర్. దాంతో డేటాబేస్ బ్యాకప్ తీసిన రోజుకు వెళ్తుంది. ఆ తర్వాత జరిగిన లావాదేవీలన్నీ లాగ్ అనే చిట్టాలో ఉంటాయి. వాటిని వరసగా అమలు చేసుకుంటూ ముందుకు తీసుకురావడం రికవరీ. మధ్యలో గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఆ డేటా ఎవరికీ పనికిరాదు. మంచం మీద ఎనిమిది నెలలు గడిపిన మనిషిని జబ్బుకు ముందు రోజుకు పంపాలనుకుంటే ఆ ఎనిమిది నెలలను ఎక్కడ పడేయాలి? ఆ నెలల్లోనే ఆయన ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నారు. మా అమ్మకు జీవితంలో మొదటిసారి “థాంక్స్” చెప్పిందీ ఆ నెలల్లోనే.

పత్రికల్లో “మార్కెట్లు కోలుకున్నాయి” అని రాస్తారు. అంకె కాబట్టి పాత అంకెకు వచ్చిందా లేదా అని చూడొచ్చు. అమెరికా డౌ జోన్స్ సూచీ 1929 సెప్టెంబరులో 381 దగ్గర ఉండి కుప్పకూలింది. మళ్లీ ఆ అంకె దాటేసరికి 1954 నవంబరు వచ్చింది. సూచీ కోలుకుంది. కానీ కుప్పకూలినప్పుడు ముప్పై ఏళ్లున్నవాళ్లకు అప్పటికి యాభై అయిదు.

కోలుకోవడం అన్న మాటను తప్పుగా వాడే సందర్భం ఒకటుంది. అది నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. వరదకో నిర్వాసితత్వానికో గురైనవాళ్ల గురించి “ప్రజలు మెల్లగా కోలుకుంటున్నారు” అని రాసేస్తారు. ఇందాకటి పరీక్ష ఇక్కడ పెట్టండి. కోలుకోవడానికి బయటి కర్త ఉండడు. కాబట్టి ఆ వాక్యంలో బాధ్యత ఎవరిదో మాయమైపోతుంది. రోడ్డు ఎవరు వేయాలి, బడి ఎవరు తెరవాలి, పట్టా ఎవరు ఇవ్వాలి? అక్కడ కావలసింది పునరుద్ధరణ. ఎవరు, ఎప్పటిలోగా, ఏ స్థితికి తేవాలో అడిగే మాట. నీళ్లు, కరెంటు, ఉద్యోగం, పింఛను, హక్కు, వీటి విషయంలో “మునుపటిలా” అని గట్టిగా పట్టుబట్టాలి. ఒక్క అంగుళం తగ్గకూడదు. మనిషి ఒంటి విషయంలో మాత్రం ఆ పట్టు వదలాలి. మనం చేస్తున్నది సరిగ్గా తిరగేసి. మనుషులను పునరుద్ధరించాలని చూస్తాం, హక్కులు పోయినవాళ్లను కోలుకోమని వదిలేస్తాం.

కోలుకోవడం ఆ మనిషే చేసేదని అన్నానని, కోలుకోకపోతే తప్పు ఆ మనిషిదేనని ఎవరూ అనుకోకూడదు. “విల్ పవర్ ఉండాలండీ” అనే మాట మా ఇంట్లో చాలాసార్లు వినపడింది. బిందెలో నీళ్లు పట్టుదలతో తేరుకోవు. ఎవరూ కదపకుండా ఉంటే తేరుకుంటాయి. కుండ తన ప్రయత్నంతో నిలబడదు. కింద కుదురు ఉంటే నిలబడుతుంది. ఈ మూడు మాటలూ పక్కపక్కన పెట్టుకుంటేనే సంగతి పూర్తవుతుంది: కదపకుండా ఉండటం మన పని, కుదురు వేయడం మన పని, కోలుకోవడం వాళ్ల పని. అందుకే ఇవి పర్యాయపదాలంటే ఒప్పుకోనన్నది.

మానసిక ఆరోగ్య రంగంలో ఈ ఆలోచన ఎప్పుడో వచ్చింది. విలియం ఆంథొనీ అనే ఆయన 1993లో రికవరీకి ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది: జబ్బు తెచ్చిపెట్టిన పరిమితులు ఉన్నా సరే తృప్తిగా, ఆశతో, తన వంతు ఏదో చేస్తూ బతకడం. లక్షణాలు పోవడం ఒకటి, మనిషి తన బతుకు తాను బతకడం ఇంకొకటి అని ఆ రంగంలో ఇప్పుడు విడిగానే చూస్తారు. డిప్రెషన్ నుంచి బయటపడ్డవాళ్లను “ఇప్పుడు అంతా నార్మలేనా?” అని అడిగేవాళ్లు ఈ తేడా ఒక్కసారి తలుచుకుంటే బాగుండు. స్వస్థత అన్న మాట అక్కడికి నప్పుతుంది. స్వ, స్థ. తనలో తాను ఉండటం. పాత తనలో అని లేదు ఆ మాటలో.

చివరగా సంతకం సంగతి. జబ్బు చేశాక పది నెలలకు ఒక పని మీద నాన్నను బ్యాంకుకు తీసుకెళ్లాను. ఫారం మీద ఎడంచేత్తో సంతకం పెట్టారు. కౌంటర్‌లోని అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, “సార్, మ్యాచ్ అవ్వట్లేదు. ఒకసారి పాత సంతకంలాగే ట్రై చేయండి” అంది. స్క్రీన్ మా వైపు తిప్పింది. నాన్న పాత సంతకం: ముందుకు వాలిన అక్షరాలు, కింద ఒకే ఊపులో గీసిన పొడుగాటి గీత. నాన్న దాన్ని చాలాసేపు చూశారు. రఫ్ కాగితం మీద మూడుసార్లు దాన్ని దించబోయారు. మూడోసారి పెన్ను పక్కన పెట్టి, “ఆ చెయ్యి లేదమ్మా. ఇప్పుడు ఉన్నది ఈ చెయ్యి” అన్నారు.

ఆ అమ్మాయి మంచిదే. లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, కొత్త నమూనా సంతకం కోసం ఇంకో ఫారం ఇచ్చింది. డాక్టర్ కాగితం జత చేయమంది, ఫొటో అడిగింది. మూడు పెట్టెల్లో మూడు సంతకాలు పెట్టాలి. నాన్న ఒక్కో అక్షరం విడివిడిగా రాశారు. నిటారుగా, కొంచెం పెద్దవిగా, అచ్చు అక్షరాల్లా. కింద గీత లేదు. మూడూ ఒకేలా వచ్చాయి. ఫారం ఇచ్చేసే ముందు నా చేతికిచ్చి చూడమన్నారు.

ఆటో ఎక్కాక అత్తయ్య ఫోన్ చేసింది. ఎట్లా ఉందిరా అని.

“నయమే అక్కా” అన్నారు. “ఇవాళ సంతకం మార్చుకున్నా.”